వలపు వల... ఒప్పంద ఉద్యోగే గురి!
రక్షణ సంస్థల్లో పొరుగుసేవల సిబ్బందిపై గూఢచారుల కన్ను - మన జిల్లాల యువత తెలుసుకోవలసిన చట్టం

శ్రీకాకుళం, విజయనగరం: విశాఖపట్నానికి చెందిన ఓ యువ ఇంజినీరును 2022 జూన్ 17న హైదరాబాద్ శివార్లలో రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. క్షిపణుల రూపకల్పనకు కేంద్రమైన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ప్రాంగణంలో అతడు ఒప్పంద ఉద్యోగి. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఒక మహిళకు క్షిపణి కార్యక్రమానికి సంబంధించిన ఛాయాచిత్రాలు, పత్రాలు పంపాడన్నది అభియోగం. ఆమె పాకిస్థాన్ గూఢచార సంస్థ తరఫున పనిచేస్తున్నట్లు అనుమానిస్తున్నామని పోలీసులు తెలిపారు. అతడు శాస్త్రవేత్త కాదు, సైనికాధికారి కాదు, శాశ్వత ఉద్యోగి కూడా కాదు. అటువంటి వ్యక్తితో నెలల తరబడి మాటలు కలపవలసిన అవసరం విదేశీ గూఢచారులకు ఏమి వచ్చిందన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

ఈ విషయం మన రెండు జిల్లాలకు దూరమైనది కాదు. ఐటీఐ, డిప్లొమా, ఇంజినీరింగ్ పూర్తిచేసిన యువకులు ఇక్కడి పల్లెల నుంచి ఉపాధికి ముందుగా చూసేది విశాఖపట్నం వైపే. నేవల్ డాక్‌యార్డు, హిందూస్థాన్ షిప్‌యార్డు, నౌకా నిర్మాణ కేంద్రం, నీటి అడుగున పేలే ఆయుధాలపై పరిశోధించే ఎన్‌ఎస్‌టీఎల్... ఇవన్నీ అక్కడే ఉన్నాయి. దేశపు తొలి స్వదేశీ అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జులై 26న జలప్రవేశం చేసినదీ అక్కడే. ఇటువంటి సంస్థల్లో వెల్డింగు, పైపుల పని, రంగులు, విద్యుత్తు పనులు, కంప్యూటరు పనులు చాలావరకు గుత్తేదారుల ద్వారా సాగుతాయి. మెడలో గేటు పాసు వేలాడుతుంది గాని జీతం చీటీపై ప్రభుత్వ ముద్ర ఉండదు. ‘మనం కాంట్రాక్టు వాళ్లం, మనకేం రహస్యాలు తెలుస్తాయి’ అన్న మాట ఈ యువకుల నోట తరచు వినిపిస్తుంది. ప్రమాదమంతా ఆ మాటలోనే ఉంది.

జరిగినదేమిటి?
పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం నిందితుడు 2018లో ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. ఆ సంస్థ చేపట్టిన డీఆర్‌డీఎల్ పనిలో 2020 జనవరి వరకు కొనసాగాడు. తర్వాత నేరుగా డీఆర్‌డీఎల్‌నే ఆశ్రయించి, ఆర్‌సీఐలో నౌకాదళానికి సంబంధించిన ఆధునిక వ్యవస్థల కార్యక్రమంలో ఒప్పంద ప్రాతిపదికన కుదిరాడు. డీఆర్‌డీఎల్‌లో పనిచేస్తున్నట్లు అప్పటికే తన ఫేస్‌బుక్ ఖాతాలో రాసుకున్నాడు. ఉద్యోగం వస్తే నలుగురికీ చెప్పుకోవాలనిపించడం సహజం. ఊళ్లో తల్లిదండ్రులకు కూడా అది గర్వకారణమే. అయితే ఆ ఒక్క వాక్యం వెతికేవారి పని సులువు చేసింది.

2020 మార్చిలో ‘నటాషా రావు’ పేరుతో స్నేహ అభ్యర్థన వచ్చింది. బ్రిటన్‌లో రక్షణ వ్యవహారాలు రాసే ఒక పత్రికలో ఉద్యోగమని, తండ్రి భారత వైమానిక దళంలో పనిచేసేవారని, తాము బెంగళూరు నుంచి బ్రిటన్‌కు తరలివెళ్లామని ఆమె చెప్పుకుంది. అల్లిక ఎంత నేర్పుగా ఉన్నదో చూడండి. పత్రిక ఉద్యోగమన్నందువల్ల రక్షణ విషయాలు అడగడం వింతగా తోచదు. తండ్రి వైమానిక దళమన్నందువల్ల దేశభక్తిపై అనుమానం రాదు. విదేశంలో ఉన్నానన్నందువల్ల కలుద్దామన్న ఒత్తిడి ఉండదు. ఇక పేరు చివర ‘రావు’ చూసి మనవాళ్లే అనుకోవడానికి తెలుగువాడికి ఎంతసేపు పడుతుంది?

మాటల మధ్య నిందితుడు తాను చేస్తున్న పని గురించి చెప్పాడని, ఛాయాచిత్రాలు, పత్రాలు పంపాడని, తన బ్యాంకు ఖాతా వివరాలు కూడా ఇచ్చాడని పోలీసులు తెలిపారు. 2021 డిసెంబరు వరకు, అంటే సుమారు 21 నెలలు ఈ పరిచయం సాగింది. అటుపై నటాషా రావు ఖాతా పేరు ‘సిమ్రన్ చోప్రా’గా మారిపోయింది. నిందితుడి వద్ద చరవాణులు, ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకుని అధికార రహస్యాల చట్టం కింద, భారతీయ శిక్షాస్మృతి 409 సెక్షన్ కింద కేసు నమోదు చేశారు.

ఇచ్ఛాపురం దాటితే...
ఇది ఒంటరి ఉదంతమయితే ఇంత రాయనవసరం లేదు. మన ఇచ్ఛాపురం దాటి అదే హౌరా రైలు మార్గంలో ఉత్తరానికి వెళ్తే బాలేశ్వర్ వస్తుంది. ఆ పక్కనే చాందీపూర్‌లో క్షిపణి పరీక్షా కేంద్రం ఉంది. 2015 జనవరిలో అక్కడ ఒప్పందంపై పనిచేసే ఒక ఛాయాగ్రాహకుడిని ఒడిశా పోలీసులు గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేశారు. 2021 ఫిబ్రవరిలో బాలేశ్వర్ న్యాయస్థానం అతనికి యావజ్జీవ కారాగార శిక్ష విధించింది. ఆ తీర్పు వెలువడిన ఏడు నెలలకే, అంటే 2021 సెప్టెంబరులో, అదే కేంద్రంలో మరికొందరు ఒప్పంద సిబ్బంది పట్టుబడ్డారు. ఏసీ యంత్రాలు, జనరేటర్లు చూసుకునేవారు సైతం వారిలో ఉన్నారు.

జనరేటరు నడిపేవాడికి క్షిపణి లెక్కలు ఏమి తెలుస్తాయని అడగవచ్చు. తెలియనక్కరలేదు. ఏ రోజు జనరేటరు అదనంగా నడిపించమన్నారు, ఏ భవనంలో రాత్రిళ్లు దీపాలు వెలిగాయి, ఏ గేటు నుంచి పెద్ద వాహనాలు వచ్చాయి, ఏ అధికారి ఎన్ని రోజులు మకాం వేశారు అన్నవి అతనికి రోజువారీ పని వివరాలు. అటువైపు కూర్చున్నవారికి అవి పరీక్ష ఎప్పుడో సూచించే ఆనవాళ్లు. డాక్‌యార్డులోనూ అంతే. ఓడ మరమ్మతుకు వచ్చిందని, ఇంకా పదిరోజులు పడుతుందని రంగులు వేసే కుర్రాడికి తెలుస్తుంది. యుద్ధనౌక ఎక్కడ ఉన్నది, ఎప్పుడు కదులుతుంది అన్నదే నౌకాదళ రహస్యాల్లో కీలకమైనది. గూఢచారి ఒక్కరి వద్దనే సమాచారమంతా రాబట్టాలని చూడడు. పదిమంది వద్ద పది ముక్కలు సేకరించి అతికిస్తాడు. అందువల్ల తన వద్ద ఉన్నది చిన్న ముక్కేనని ఎవరూ ధైర్యపడడానికి వీల్లేదు.

విశాఖపట్నంలో 2019 డిసెంబరులో బయటపడిన నౌకాదళ గూఢచర్యం కేసు ఇందుకు నిదర్శనం. ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరిట రాష్ట్ర నిఘా విభాగం, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశాయి. నౌకలు, జలాంతర్గాముల కదలికలను సామాజిక మాధ్యమాల ద్వారా చేరవేశారన్నది అభియోగం. తర్వాత కేసు జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్లింది. 2020 జూన్‌లో 14 మందిపై అభియోగపత్రం దాఖలైంది. 2025లో విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం ఈ కేసులో కొందరిని దోషులుగా నిర్ధారించి ఐదేళ్ల పదకొండు నెలల కారాగార శిక్ష విధించింది. అరెస్టులు జరిగిన డిసెంబరులోనే స్థావరాల్లో, నౌకలపై స్మార్ట్‌ఫోన్ల వాడకాన్ని, ఫేస్‌బుక్‌ను నౌకాదళం నిషేధించింది. 2023 ఆగస్టులో విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేస్తున్న ఒక సీఐఎస్‌ఎఫ్ కానిస్టేబులుపైనా ఇదే తరహా కేసు నమోదైంది. అతడు అంతకుముందు హైదరాబాద్‌లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్‌లో విధులు నిర్వహించినవాడు.

వల ఇలా పడుతుంది
మొదట వచ్చేది స్నేహ అభ్యర్థన. ఆ ఖాతాలో అప్పటికే మనకు తెలిసిన ఇద్దరు ముగ్గురు మిత్రులు కనిపిస్తారు. వారు తెలియక ఒప్పుకున్నవారే. మనం వారిని చూసి ఒప్పుకుంటాం, మనల్ని చూసి మరొకరు ఒప్పుకుంటారు. తర్వాత వారాల తరబడి రహస్యాల ఊసే ఉండదు. భోజనం చేశారా, పని ఎలా ఉంది, పైఅధికారి ఇబ్బంది పెడుతున్నాడా వంటి పరామర్శలే ఉంటాయి. పరాయి ఊళ్లో అద్దె గదిలో ఒంటరిగా ఉండే యువకుడికి రోజూ రాత్రి ఇలా అడిగేవారు ఒకరు దొరకడం చిన్న విషయం కాదు. నిఘా అధికారులు దీనిని ‘వలపు వల’ అంటారు గాని, చాలా సందర్భాల్లో వలపు కంటే ముందు పనిచేసేది ఆ ఒంటరితనమే.

తొలి కోరిక అతి స్వల్పంగా ఉంటుంది. పనిచేసే చోట ఒక ఫొటో అడుగుతారు. ‘నిజంగా అక్కడే పనిచేస్తున్నావా’ అని కాస్త అనుమానం నటిస్తారు. రుజువు చూపాలన్న పంతం మనవాడిది. గుర్తింపు కార్డు ఫొటో వెళుతుంది. వెనుక బోర్డు కనిపించే మరో ఫొటో వెళుతుంది. ఆపై పుట్టినరోజు కానుక అంటూ బ్యాంకు ఖాతా సంఖ్య అడుగుతారు. ఖాతాలో పడేది కొద్ది మొత్తమే కావచ్చు. అయితే అది కానుక కాదు, మెడకు పడిన ఉచ్చు. ఆపుదామనుకున్న రోజున ఆ చెల్లింపునే చూపించి, లేదా రికార్డు చేసిన వీడియో కాల్ చూపించి బెదిరిస్తారు.

అన్ని వలలూ అమ్మాయి పేరుతోనే పడవు. కొన్ని మంచి ఉద్యోగం ఆశ చూపుతాయి. విదేశీ సంస్థలో కొలువు ఉంది, ముఖాముఖి కోసం ఈ యాప్ దింపుకోండి అంటారు. అది దిగిన క్షణం నుంచి కంప్యూటరులో ఉన్నదంతా అటువైపు కనిపిస్తుంది. ఇంకొన్ని మీ పేరిట ఉన్న సిమ్‌కు వచ్చే ఓటీపీ చెబితే డబ్బులిస్తామంటాయి. 2023 మే నెలలో ఒడిశాలో ఇటువంటి ముఠాను పోలీసులు పట్టుకున్నారు. ఇతరుల పేరిట తీసుకున్న సిమ్‌ల ఓటీపీలను పాకిస్థాన్ గూఢచార వర్గాలకు అమ్మారన్నది ఆ కేసు. ఆ ఓటీపీతో తెరిచిన వాట్సప్ ఖాతా భారతీయ సంఖ్యతో కనిపిస్తుంది. అంటే మీకు సందేశం +91తో వచ్చినంత మాత్రాన పంపినవారు ఈ దేశంలో ఉన్నట్లు కాదు.

చదువు తక్కువైనవారే ఇందులో చిక్కుకుంటారనుకోవడమూ పొరపాటే. 2023 మే నెలలో పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాలకు సంచాలకుడిగా ఉన్న సీనియరు శాస్త్రవేత్తనే మహారాష్ట్ర ఏటీఎస్ ఇదే తరహా ఆరోపణపై అరెస్టు చేసింది.

అంతర్జాలం రాకముందూ గుత్తేదారు సంస్థల ఉద్యోగులే గూఢచారులకు గురి. అమెరికాలో హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే రక్షణ ఉత్పత్తుల సంస్థలో విలియం హోల్డెన్ బెల్ అనే రాడార్ ఇంజినీరు ఉండేవాడు. కుమారుడిని పోగొట్టుకున్నాడు, విడాకులయ్యాయి, అప్పులు పెరిగాయి. అదే నివాస సముదాయంలో ఉండే మరియన్ జకార్‌స్కీ అనే పోలండ్ వ్యాపారి టెన్నిస్ ఆటలో స్నేహితుడయ్యాడు. ఆప్యాయంగా మాట్లాడేవాడు, అవసరానికి డబ్బు సర్దేవాడు. జకార్‌స్కీ పోలండ్ గూఢచారి. అప్పటి సోవియట్ కూటమికి రాడార్, క్షిపణి పత్రాలు ఆ స్నేహం ద్వారా చేరాయి. బెల్‌కు ముట్టినది సుమారు లక్షా పది వేల డాలర్లు. 1981లో ఇద్దరూ పట్టుబడ్డారు. బెల్‌కు ఎనిమిదేళ్లు, జకార్‌స్కీకి యావజ్జీవం పడ్డాయి. జకార్‌స్కీని మాత్రం 1985లో ఖైదీల మార్పిడిలో విడిపించుకుపోయారు. బెల్‌ను విడిపించడానికి ఎవరూ రాలేదు. వాడుకున్న మనిషి బాధ్యత ఏ గూఢచార సంస్థా నెత్తికెత్తుకోదు.

చట్టం ఏమంటోంది?
ఇటువంటి కేసులన్నింటికీ ఆధారం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. బ్రిటిష్ పాలనలో పుట్టి, 1967లో సవరణ పొంది, ఇప్పటికీ అమల్లో ఉన్నది. ఇందులో మన యువకులు ప్రధానంగా గ్రహించవలసినది అయిదో సెక్షన్. రహస్య సమాచారం చేతిలో ఉన్న ప్రభుత్వోద్యోగికి మాత్రమే ఈ సెక్షన్ పరిమితం కాదు. ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకున్నవారు, అటువంటివారి వద్ద పనిచేసేవారు, గతంలో పనిచేసి మానేసినవారు కూడా దీని పరిధిలోకి వస్తారని చట్టంలోనే స్పష్టంగా రాసి ఉంది. అంటే గుత్తేదారు వద్ద కూలీగా చేరినవాడూ, కాంట్రాక్టు ముగిసి ఊరికి తిరిగి వచ్చినవాడూ ఒక్కటే. ‘మేం పర్మినెంటు కాదు’ అన్న వాదన వందేళ్ల కిందటే చెల్లకుండా పోయింది.

ఈ సెక్షన్ కింద సమాచారం ఇతరులకు ఇవ్వడం ఒక్కటే నేరం కాదు. హక్కు లేకుండా పత్రాలు తన వద్ద ఉంచుకోవడం నేరం. తగిన జాగ్రత్త తీసుకోకపోవడమూ నేరమే. వీటికి మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇంటి వద్ద పని చేసుకుందామని ఆఫీసు ఫైళ్లను సొంత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకునే అలవాటు ఉన్నవారు ఈ మాట మరోసారి చదువుకోవాలి.

మూడో సెక్షన్ నేరుగా గూఢచర్యానికి సంబంధించినది. దేశ భద్రతకు హాని కలిగించే ఉద్దేశంతో శత్రువుకు ఉపయోగపడే సమాచారం సేకరించినా, చేరవేసినా దీని కింద శిక్షిస్తారు. ఆయుధాగారం, డాక్‌యార్డు, నౌక, విమానం, సైనిక స్థావరం వంటి వాటికి సంబంధించినదైతే పద్నాలుగేళ్ల వరకు, ఇతరత్రా అయితే మూడేళ్ల వరకు కారాగారం విధించవచ్చు. నాలుగో సెక్షన్ ఇంకా కఠినమైనది. విదేశీ గూఢచారి పేరో చిరునామానో ఎవరి వద్దనైనా దొరికితే, ఆ గూఢచారితో సంబంధం ఉన్నట్లుగా భావించే వీలు అందులో ఉంది. అలా కాదని రుజువు చేసుకోవలసిన భారం నిందితుడిపైనే పడుతుంది. హైదరాబాద్ కేసులో వాడిన 409 సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్‌లో భాగమైంది.

అరెస్టు అంటే నేరం రుజువైనట్లు కాదు
గూఢచారి అన్న ముద్ర పడితే ఊరు ఊరంతా ఆ ఇంటిని వెలివేసినట్లు చూస్తుంది. అందుకే రెండు ఉదంతాలు చెప్పుకోవాలి.

నాగపూర్‌లో బ్రహ్మోస్ సంస్థ యువ ఇంజినీరును 2018 అక్టోబరులో అరెస్టు చేశారు. ఉద్యోగం ఆశ చూపి పంపిన యాప్‌ల ద్వారా అతని ల్యాప్‌టాప్‌లోని క్షిపణి సమాచారం బయటకు పోయిందన్నది ఆరోపణ. 2024 జూన్‌లో అక్కడి సెషన్స్ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. 2025 డిసెంబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం గూఢచర్య అభియోగాల నుంచి అతనికి విముక్తి కలిగించింది. మిగిలినది అజాగ్రత్త నేరం ఒక్కటే. దానికి విధించిన మూడేళ్ల శిక్షను అతడు అప్పటికే అనుభవించి ఉన్నాడు. సమాచారం అమ్ముకున్నవాడికీ, మోసపోయి పోగొట్టుకున్నవాడికీ మధ్య తేడా ఉన్నదని న్యాయస్థానం గుర్తించింది. అయితే ఆ తేడా తేలడానికి ఏడేళ్లు పట్టింది.

ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ విషయం మరింత బాధాకరం. 1994 నవంబరులో కేరళ పోలీసులు ఆయనను గూఢచర్యం ఆరోపణపై అరెస్టు చేశారు. దాదాపు 50 రోజులు జైలులో ఉన్నారు. ఆరోపణలు నిజం కావని 1996లో సీబీఐ తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. మరుసటి ఏడాది పద్మభూషణ్ వరించింది. ఆ మధ్యకాలంలో ఆయన కుటుంబం పడిన అవమానానికి మాత్రం లెక్క లేదు. కాబట్టి పోలీసులు చెప్పినది అభియోగమే తప్ప తీర్పు కాదన్న స్పృహ పత్రికలకూ, ఇరుగుపొరుగుకూ అవసరం. ఈ వ్యాసంలో అరెస్టయినవారి పేర్లు ఇవ్వకపోవడానికి కారణం కూడా అదే.

అధికార రహస్యాల కేసులో సాధారణ పౌరుడు ఫిర్యాదు చేసి విచారణ ప్రారంభింపజేయలేడు. ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన వ్యక్తి ఫిర్యాదుపైనే న్యాయస్థానం కేసును స్వీకరిస్తుంది. దేశ భద్రత దృష్ట్యా విచారణ సమయంలో ప్రజలను బయటకు పంపవచ్చు గాని, శిక్ష మాత్రం బహిరంగంగానే ప్రకటించాలని చట్టం చెబుతోంది.

ఇంట్లో ఉన్నవారు చేయగలిగినది
ఒప్పంద సిబ్బందికి గేటు పాసు ఇచ్చేముందు పోలీసుల విచారణ ఉంటుంది. ఊళ్లో కేసులున్నాయా, చిరునామా సరైనదేనా అని అందులో చూస్తారు. ఆ రోజు నిజాయతీపరుడైన యువకుడు ఏడాది తర్వాత ఎవరితో మాట్లాడుతున్నాడో ఆ కాగితం చెప్పలేదు. శాశ్వత సిబ్బందికి భద్రతా పాఠాలు చెప్పే వ్యవస్థ ఉన్నది. గుత్తేదారు మారినప్పుడల్లా మారిపోయే కుర్రాళ్లకు అంత శ్రద్ధగా ఎవరు చెబుతున్నారన్నది సంస్థలూ గుత్తేదారులూ జవాబు చెప్పవలసిన ప్రశ్న. భద్రత గోడ ఎంత ఎత్తుగా కట్టినా, లోపలికి నడిచి వెళ్లే మనిషికి నాలుగు మాటలు చెప్పే ఖర్చు దగ్గర పొదుపు చేయడం వింతగానే ఉంది.

అంతవరకు ఇంటివారు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లవాడు పనిచేసే సంస్థ పేరు, యూనిఫారం, గుర్తింపు కార్డు ఫొటోలు బంధువులు కూడా వాట్సప్ స్టేటస్‌లో పెట్టకూడదు. పెళ్లి సంబంధాల బయోడేటాలో ‘నేవల్ డాక్‌యార్డు, ఫలానా విభాగం’ అని రాసి పదిమందికి పంపడం మన వైపు మామూలైపోయింది. ‘విశాఖపట్నంలో ఉద్యోగం’ అని రాసినా సంబంధాలు వస్తాయి.

ఇప్పటికే ఇటువంటి పరిచయంలో ఉన్నామన్న అనుమానం కలిగినవారు ముందుగా చేసే పని చాటింగును చెరిపివేయడం. అది చేయకూడదు. చెరిపినవాటిలో చాలావరకు నిపుణులు తిరిగి వెలికితీయగలరు. ఎందుకు చెరిపావన్న ప్రశ్న అప్పుడు మరో చిక్కు అవుతుంది. సందేశాలు, ఖాతాలో పడిన సొమ్ము వివరాలు ఉన్నవి ఉన్నట్లే ఉంచి, ఒక న్యాయవాదిని సంప్రదించి, సంస్థ భద్రతాధికారికో పోలీసులకో తామే చెప్పడం మేలు. మొదటి ఫొటో అడిగిన రోజున చెబితే అది ఫిర్యాదుగా నమోదవుతుంది. బ్యాంకు ఖాతాలో డబ్బు పడి, పత్రాలు వెళ్లాక పోలీసులే గది తలుపు తడితే, అదే విషయం నేరాంగీకారంగా రాసుకుంటారు.